రెండు సంఘాల ఇల్లు

మా ఇంట్లో కింది వాటా ఒక సంఘం, పై వాటా ఇంకో సంఘం. కాలనీలో గుర్తు చెప్పడానికి కూడా అది పనికొచ్చేది. ఒకసారి ఆటో అతను ఎవరిదో ఇల్లు ఎక్కడని అడిగితే, వీధి చివర కిరాణా కొట్టాయన "అన్నదమ్ములు చెరో చర్చికి వెళ్తారే, ఆ ఇంటి పక్కది" అని చెప్పడం నేను విన్నాను. తల దించుకుని గబగబా వచ్చేశాను. సిగ్గేసింది గానీ, ఆ సిగ్గు కింది వాటా వాళ్ళ వల్ల వచ్చిందనే అనుకున్నాను.

మా కాలనీ విజయవాడలో బుడమేరుకి దగ్గర. కింద మా బావగారు, ఆయన భార్య, ఇద్దరు ఆడపిల్లలు. పైన మా ఆయన, నేను, మా అబ్బాయి. మా అత్తయ్య పడుకునేది కింద, పొద్దున్న కాఫీ తాగేది పైన. అన్నదమ్ములిద్దరికీ ఆటోనగర్‌లో కలిపి ఒక షెడ్డు ఉంది. లారీలకు అడుగున బరువు మోసే కమాన్ కట్టలు మారుస్తారు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. మా తోడికోడల్ని అక్కా అని పిలుస్తాను. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో రొయ్యలు ఒలవడం దగ్గర్నుంచి స్త్రీల కూడికలో లేచి ప్రార్థన చెయ్యడం దాకా నాకు నేర్పింది ఆవిడే.

మా చర్చిని పెద్దయ్యగారు తాటాకు పందిరి కింద మొదలుపెట్టారట. మా పెళ్ళిళ్ళు చేసిందీ, మా పిల్లలకు పేర్లు పెట్టిందీ ఆయనే. మీది ఏ చర్చి అని ఎవరైనా అడిగితే మేం చర్చి పేరు చెప్పేవాళ్ళం కాదు. "పెద్దయ్యగారి మనుషులమండి" అనేవాళ్ళం. అలా చెప్పుకోవడం మాకు గొప్పగా ఉండేది.

ఆయనకు పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ఆసుపత్రిలో సంఘపెద్దలు మంచం చుట్టూ నిలబడి, ఇక మీదట సంఘాన్ని ఎవరు చూడాలి అయ్యగారూ అని అడిగారు. ఆయన అల్లుడు ఒకరు, ఆయన కింద చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న సహాయ పాస్టరుగారు ఒకరు. వీళ్ళలో ఎవరు అన్నది ప్రశ్న. ఆయన పెదవులు కదిపి ఏదో అన్నారు. అల్లుడి పేరే అన్నారని కొందరు, సహాయ పాస్టరుగారి పేరని కొందరు. ఆ మంచం దగ్గర మా బావగారూ ఉన్నారు, మా ఆయనా ఉన్నారు. అన్నకి ఒక పేరు వినబడింది, తమ్ముడికి ఇంకో పేరు వినబడింది.

తర్వాత పెద్దయ్యగారిని ఆయన చెల్లెలు పామర్రులో తన ఇంటికి తీసుకెళ్ళిపోయింది. ఇక్కడ ఒక ఆదివారం ఆరాధన మధ్యలో మైకు కోసం పెనుగులాట జరిగింది. కుర్చీలు విరిగాయి, పోలీసులు వచ్చి గేటుకి తాళం వేశారు. తాళం తీసేసరికి చర్చి అల్లుడిగారి వాళ్ళకి మిగిలింది. మా వాళ్ళు సహాయ పాస్టరుగారితో అదే వీధిలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద అద్దెకి దిగారు. ప్రతి ఆదివారం రెండు చోట్లా సౌండు బాక్సులు వీధిలోకి తిప్పి పెట్టేవాళ్ళు. వాళ్ళు పాట ఎత్తుకుంటే మా వాళ్ళు ఇంకాస్త పెంచేవాళ్ళు.

మా వైపు వాట్సాప్ గ్రూపులో పెట్టే సందేశాలు రాయడం నాకు అప్పగించారు. తెలుగు టీచర్ని కదా. అవతలి వాళ్ళు వాక్యాన్ని వదిలేసి చుట్టరికాన్ని పట్టుకున్నారనీ, కుర్చీ కోసం ఆత్మల్ని అమ్ముకున్నారనీ రాశాను. రాసేటప్పుడు నాకు ప్రభువు పని చేస్తున్నట్టే ఉండేది. కింద పేరు పెట్టేదాన్ని కాదు. ఒక సందేశం అటు తిరిగి ఇటు తిరిగి అక్క ఫోన్‌కి చేరింది. మెట్ల మీద ఎదురుపడినప్పుడు ఆవిడ ఆగి, "ఇంత చక్కటి తెలుగు మన కాలనీలో ఇంకెవరు రాస్తార్లే" అని కిందికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. అన్నదమ్ములు మాత్రం షెడ్డులో మాట్లాడుకునేవాళ్ళు, అదీ బోల్టుల గురించీ, లారీల గురించీ.

ఇద్దరు పాస్టర్లూ ఒక్క విషయంలో ఒకే మాట మీద ఉండేవాళ్ళు. అవతలి చోట ప్రభు బల్లలో చెయ్యి వేసినవాళ్ళకి తమ దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వమని చెప్పేశారు. మాకు నెలలో మొదటి ఆదివారం ఆ బల్ల ఉంటుంది. ఆ రోజు మా అత్తయ్య మాతో వచ్చేది కాదు. కింది వాళ్ళతో వెళ్తుందనుకునేదాన్ని. పెద్ద కొడుకంటేనే ఆవిడకి మక్కువ అని మా ఆయన దగ్గర సణిగేదాన్ని. మిగతా ఆదివారాల్లో ఆవిడ మాతో వచ్చినా ముఖం ముడుచుకునే పక్కన చోటిచ్చేదాన్ని.

వరద కూడా ఆదివారమే వచ్చింది. పొద్దున్నే చర్చికి చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటుంటే వీధిలో కేకలు వినబడ్డాయి. తొంగిచూస్తే గేటు కింద నుంచి బురద నీళ్ళు లోపలికి పాకుతున్నాయి. బావగారు స్కూటరు గట్టు మీదికి ఎక్కించేలోపు నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఫ్రిజ్ పక్కకి ఒరిగి తేలింది. మా ఆయన ఎవరినీ ఏమీ అడగకుండా దిగి, ముందు అత్తయ్యని ఎత్తుకుని పైకి తెచ్చారు. తర్వాత పిల్లల్ని. అక్క ఆఖర్న వచ్చింది. మా గుమ్మం దగ్గర, తడిసిన చీరతో, లోపలికి రావచ్చా అని అడగబోయినట్టు ఒక్క క్షణం నిలబడింది. ఆవిడ నా గుమ్మంలో అలా నిలబడాల్సి వచ్చింది. పొడి చీర తెచ్చి చేతికిచ్చాను. అంతవరకే చేతనైంది.

ఎదురింటి మామ్మగారూ, ఆవిడ కొడుకూ కూడా మా దగ్గరికే వచ్చారు. వాళ్ళది ఒక్క అంతస్తు ఇల్లు. పెడన, మంగళగిరి చీరలు తెచ్చి ఇంట్లోనే పెట్టుకుని అమ్ముతారు. చీరల మూటలన్నీ నీళ్ళలో ఉండిపోయాయి. ఆ కొడుకు పిట్టగోడ దగ్గర నిలబడి తన ఇంటి వైపే చూస్తూ ఉన్నాడు. మొత్తం పదిమందిమి. కరెంటు లేదు, ఫోన్లు ఆగిపోయాయి. మొదటి రోజు ఇంట్లో ఉన్న బియ్యంతో, పప్పుతో గడిచింది. గ్యాసు అయిపోయింది. తర్వాత తాగే నీళ్ళకే కటకటగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఒక పడవ వచ్చింది. అందులో ఉన్నది మా సంఘం కుర్రాళ్ళు. నేను ఆదివారం బడిలో చదువు చెప్పిన పిల్లలే. వాళ్ళని చూడగానే ఏడుపొచ్చింది. ఎంత దూరం తెడ్డు వేసుకుని వచ్చారో, ఒళ్ళంతా బురద. పడవకి మా పాస్టరుగారి ఫొటో ఉన్న ఫ్లెక్సీ కట్టి ఉంది.

"వందనాలు సిస్టర్. మీరు ముగ్గురేగా?" అన్నాడు ఒకతను, పొట్లాలు తీస్తూ.

పదిమందిమి ఉన్నామని చెప్పాను. అతను పైకి చూశాడు. పిట్టగోడ మీంచి బావగారి పిల్లలు కిందికి చూస్తున్నారు. అతని ముఖం కొంచెం ఇబ్బందిగా మారింది.

"మనోళ్ళకే తెచ్చాం సిస్టర్. ఆళ్ళకి ఆళ్ళ అయ్యగారు పంపిస్తారంట. మనవి ఇచ్చేస్తే మళ్ళీ మనోళ్ళకి చాలవు" అన్నాడు.

ఎవరు మనవాళ్ళో, ఎవరు కారో ఆ పిల్లలకి నేర్పిన సందేశాలు నావి. మూడు పొట్లాలు, మూడు నీళ్ళ సీసాలు తాడు కట్టిన బకెట్లో పైకి వచ్చాయి. అవి పట్టుకుని ఉండగా ఫొటో తీసుకున్నారు. నేను నవ్వానో లేదో గుర్తు లేదు గానీ, తర్వాత ఆ ఫొటో చూస్తే నవ్వుతూనే ఉన్నాను.

పొద్దు వాలుతుండగా ఇంకో పడవ వచ్చింది. దానికి అల్లుడిగారి ఫొటో ఉంది. వాళ్ళు బావగారి కుటుంబానికి నాలుగు పొట్లాలు, అత్తయ్యని కూడా తమ లెక్కలో వేసుకుని ఇంకొకటి ఇచ్చారు. మామ్మగారి కొడుకు బకెట్ వైపు చూసి, తనకి రాదని తెలిసి, తల తిప్పుకున్నాడు.

అక్క ఆ పొట్లాలు తెచ్చి డాబా మధ్యలో పెట్టింది. నా వంటింట్లోకి వెళ్ళి పెద్ద బేసిన్ తెచ్చుకుని, తన పొట్లాలన్నీ విప్పి అందులో పోసింది. నా వైపు చూడలేదు. నేను వెళ్ళి, మధ్యాహ్నం పిల్లలకు కాస్త కాస్త పెట్టగా మిగిలిన మా పొట్లాలు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాను. రెండు వైపుల నుంచీ వచ్చింది పులిహోరే. ఒకే హోటల్లో చేయించారేమో, పొట్లం కాగితం కూడా ఒకటే. అక్క పదిమందికీ సమంగా పెట్టింది. మామ్మగారికి ముందు పెట్టింది.

మామ్మగారు నాలుగు ముద్దలు తిని, చెయ్యి ఆపి, నన్నూ అక్కనీ మార్చి మార్చి చూసింది.

"ఏమీ అనుకోకండమ్మా, తెలీక అడుగుతున్నాను. మీ దేవుడు వేరు, వాళ్ళ దేవుడు వేరు అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇద్దరికీ ఒకళ్ళేనా?"

ఆవిడ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అలా అనుకుంది. ఎదురింట్లో ఉండి, రెండు మైకులూ విని, రెండు గుంపుల వాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పోవడం చూసి, ఎవరికైనా ఇంకేం అర్థమవుతుంది? మేం ఆవిడకి ఎన్నోసార్లు క్రిస్మస్ కేకు ఇచ్చాం. మా చర్చికి రమ్మని కూడా పిలిచాం. ఆవిడకి మేం చెప్పగలిగింది ఇంతే.

"ఒకళ్ళేనండి" అన్నారు బావగారు.

"మరి మీ అమ్మగారు నెలకోసారి ఎక్కడికీ వెళ్ళకుండా మా ఇంట్లో కూర్చుంటుందేం?" అంది మామ్మగారు. "రెండు చోట్లా పండగేనని చెప్పి, తను మాత్రం మా వసారాలో కూర్చుని కళ్ళు మూసుకుంటుంది."

మేమంతా అత్తయ్య వైపు తిరిగాం. అక్క ముఖం చూస్తే ఆవిడకీ ఈ సంగతి తెలియదని అర్థమైంది. మేం అత్తయ్య కింది వాళ్ళతో వెళ్తుందనుకున్నాం. వాళ్ళేమో మాతో వస్తుందనుకున్నారు. అత్తయ్య ముందు ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపింది. మా ఆయన పక్కకి వెళ్ళి కూర్చుని మళ్ళీ అడిగితే చెప్పింది.

"నేను ఏ బల్లకీ ఎల్లలేదురా. ఇద్దర్నీ చెరో పక్కన కూచోబెట్టుకుని తీసుకునేదాన్ని, మీరు ఇంతప్పటి నుంచీ. ఒక చోట తీసుకుంటే రెండో కొడుకుని కాదన్నట్టేగా. అందుకని ఊరుకున్నాను."

రెండేళ్ళ పైన అయింది చర్చి విడిపోయి. అన్నాళ్ళూ ఆవిడ ప్రభు బల్ల లేకుండా ఉంది. ఆవిడకి అదెంతో నాకు తెలుసు. ముందు రోజు నుంచీ ఉపవాసం ఉండి, తెల్లచీర ఉతికి ఆరేసుకుని, ఎవరితోనైనా మాట తేడా వస్తే వెళ్ళి సర్దుకుని గానీ రొట్టె ముట్టుకునేది కాదు. అలాంటి మనిషి ఎదురింటి వసారాలో కళ్ళు మూసుకుని కూర్చుంటే, నేను ఆవిడ పక్షపాతం గురించి సణుగుతూ కూర్చున్నాను. అన్నం పళ్ళెం చేతిలో పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అందరి ముందూ ఏడ్చే యోగ్యత కూడా లేదనిపించింది.

నీళ్ళు తీసేసరికి కింది వాటాలో మడమ లోతున బురద. నేనూ అక్కా కలిసి ఎత్తిపోశాం. గోడలు కడుగుతుండగా, ఆ సందేశం రాసింది నేనే అక్కా అని చెప్పాను. ఆవిడ వంగిన నడుము ఎత్తకుండానే, "తెలుసులే. ఆ పార ఇటివ్వు" అంది. కాసేపయ్యాక తనే, "మా గ్రూపులో మీ గురించి పెట్టినవి నేను చదివి నవ్వేదాన్ని. రాయడం రాదు గానీ, వస్తే రాసేదాన్నే" అంది.

అత్తయ్యకి ఇద్దరు కొడుకుల మధ్యా కూర్చుని బల్ల తీసుకోవాలని ఉంది. బావగారు వాళ్ళ పాస్టరుగారిని, మా ఆయన మా పాస్టరుగారిని అడిగారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారట. అవతలి వాళ్ళు పశ్చాత్తాపపడి మన దగ్గరికి వస్తే సంతోషంగా ఇస్తాం అన్నారట. ఇద్దరి జవాబూ ఒకటే కావడంతో అన్నదమ్ములు షెడ్డులో ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారని మా ఆయన చెప్పారు. పెద్దయ్యగారి దగ్గరికి వెళ్దాం అన్నది బావగారే.

షెడ్డుకి వచ్చే ఒకాయన వ్యాను అడిగి తీసుకుని, బందరు రోడ్డు పట్టుకుని పామర్రు వెళ్ళాం. ఉయ్యూరు దాటాక కొన్ని చోట్ల వరి ఇంకా నీళ్ళలోనే పడుకుని ఉంది. దారంతా అత్తయ్య తెల్లచీర కొంగు నలగకుండా ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. పెద్దయ్యగారిని చూసి చాలా కాలమైంది. ఆయన పేరు చెప్పి అంతలా కొట్టుకున్నవాళ్ళం, మాలో ఒక్కరం కూడా ఆయన్ని చూడ్డానికి వెళ్ళలేదు. వెళ్తే అవతలి వాళ్ళ మనుషులు అక్కడ ఉంటారేమోనని.

ఆయన వరండాలో కుర్చీలో ఉన్నారు. మనిషి సగమయ్యారు. నోరు ఒక పక్కకి వంకర పోయింది గానీ, మాట కొంచెం తిరిగి వచ్చింది. నెమ్మదిగా, ఆగి ఆగి మాట్లాడుతున్నారు. అర్థం కానిచోట ఆయన చెల్లెలు విడమరిచి చెబుతోంది. అత్తయ్య వచ్చిన పని చెప్పింది. ఆయన, రెండు సంఘాల వాళ్ళా అని వేళ్ళు చూపించి అడిగారు. అవునన్నాం.

బావగారు ఉండబట్టలేక అడిగేశారు. ఆ రోజు ఆసుపత్రిలో మీరు ఎవరి పేరు చెప్పారయ్యగారూ అని. ఆయనకి ముందు గుర్తు రాలేదు. చెల్లెలు మెల్లగా గుర్తు చేసింది. అప్పుడు ఆయన తల అడ్డంగా ఊపారు.

"మంచి... నీళ్ళు" అన్నారు. "దాహం."

మా ఆయన, బావగారు ఒకేసారి నేల చూపులు చూశారు. పెద్దయ్యగారు కదలని చేతిని రెండో చేత్తో ఒళ్ళోకి లాక్కుని, ఇంకా ఏదో చెప్పడానికి తంటాలు పడ్డారు. ముక్కలు ముక్కలుగా వచ్చిన ఆ మాటలు కలుపుకుంటే ఇదీ: "మీరు నా మనుషులమని చెప్పుకునేవాళ్ళు. వద్దు, అలా అనకండని నేను ఒక్కసారి కూడా అనలేదు. వినడానికి బాగుండేది. ఇప్పుడు సిగ్గుగా ఉంది." ఆ మాట అని ఏడ్చారు. ఆయన్ని తప్పుపట్టడానికి మా దగ్గర ఏముంది, ఆయన ఊరుకున్నారు, మేం అరిచాం.

చెల్లెలు బన్ను తెచ్చింది. నల్ల ద్రాక్షపళ్ళు గ్లాసులో చేత్తోనే పిసికి వడగట్టింది. ఆయన విరవలేకపోతే బావగారు రొట్టె పట్టుకున్నారు, మా ఆయన ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. అత్తయ్య ఇద్దరి మధ్యా కూర్చుని తీసుకుంది. నేను తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తుంటే అక్క తన ముక్కలో సగం తుంచి నా చేతిలో పెట్టింది.

ఈ సంగతి వారం తిరక్కుండా రెండు సంఘాలకీ తెలిసింది. రెండు చోట్లా సంజాయిషీ అడిగారు. అక్క తన పాస్టరుగారి ముందు, సంఘం ముందు నిలబడి, "నేను తప్పు చెయ్యలేదండి, మళ్ళీ పిలిచినా వెళ్తాను" అని చెప్పి కూర్చుందట. ఆవిడని బల్లకి దూరం పెట్టారు.

తర్వాతి ఆదివారం మా దగ్గర నన్ను లేవమన్నారు. నేను రాత్రంతా మాటలు కూర్చుకునే వెళ్ళాను. లేచి, "నేను చాలా సిగ్గుపడుతున్నాను" అన్నాను. మనం పడవలో చేసిన పనికి, నేను రాసిన రాతలకి, మా అత్తయ్యని ఇన్నాళ్ళూ అలా ఉంచినందుకు అని చెప్పబోతున్నాను. మొదటి మాట అవ్వగానే మా పాస్టరుగారు "దేవునికి స్తోత్రం" అన్నారు. సంఘమంతా అంది. సహోదరి తన తప్పు ఒప్పుకుంది, ప్రభువు క్షమించాడు అని ఆయన నా తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన మధ్యలో ఎలా ఆపను అనుకున్నాను. అయిపోయాక కూడా ఆపలేదు. అందరూ వచ్చి చేతులు పట్టుకుంటుంటే వందనాలు చెబుతూ నిలబడ్డాను. అది నెలలో మొదటి ఆదివారం, నాకు రొట్టె కూడా ఇచ్చారు.

ఇంటికి వచ్చి అక్కకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను తిట్టలేదు. "చెప్పాల్సింది చెప్పకుండానే వచ్చావన్నమాట" అని మాత్రం అంది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

బుధవారం నేను పాస్టరుగారి ఇంటికి వెళ్ళి, ఆయనా ఆయన భార్యా ఉండగా, నేను సిగ్గుపడింది దేనికో పూర్తిగా చెప్పాను. పామర్రు వెళ్ళినందుకు సిగ్గుపడటం లేదనీ చెప్పాను. ఆయన విన్నారు. కోప్పడలేదు. ప్రార్థన చేద్దాం అన్నారు. సంఘం ముందు ఇంకోసారి మాట్లాడతానంటే మాత్రం, చూద్దాంలేమ్మా అన్నారు. ఆ తర్వాత స్త్రీల కూడిక నడపమని నన్ను ఎవరూ పిలవలేదు. గ్రూపులో సందేశాలు ఇప్పుడు ఇంకెవరో రాస్తున్నారు. నా అంత బాగానూ రాస్తున్నారు.

మొదటి ఆదివారాల్లో నేనూ, అక్కా, అత్తయ్యా పామర్రు బస్సెక్కుతున్నాం. వీలైతే మగవాళ్ళూ వస్తారు. మిగతా ఆదివారాల్లో మా ఆయనా నేనూ ఇంకా ఫంక్షన్ హాలు మేడ మీదికే వెళ్తున్నాం. ఆ మెట్లెక్కుతుంటే మా పాత చర్చి గేటు దగ్గర నిలబడినవాళ్ళు కొందరు కనబడతారు. నాకు తెలిసినవాళ్ళే, ఒకప్పుడు నా గురించి ప్రార్థన చేసినవాళ్ళే. వందనాలండి అని నేనే ముందు అంటాను. కొందరు బదులు చెబుతారు. చెప్పనివాళ్ళని తప్పుపట్టలేను.